ఇటలీ పిండి

ఎడారి దేశపు ఊరు నువైద్రాత్‌లో ఆ శుక్రవారం ఉదయం చలిగాలి వీస్తోంది. గాలి పక్క ఊరు సిత్రా వైపు నుంచి తిరిగినప్పుడల్లా రిఫైనరీ వాసన వంటింట్లోకి వస్తుంది. నజ్నీన్ కిటికీ మూసి, కొడుకు హమ్జాకు జావ కలుపుతోంది.

ఆ జావ పిండి ఇటలీది. ఆమె భర్త ఇనాయత్ స్టోర్‌కీపర్‌గా పనిచేసే క్యాంపులో ఇటలీ ఇంజినీరు ఒకాయన ఉండేవాడు. దేశం వెళ్లిపోతూ ఆయన భార్య సంచి నిండా ఇచ్చింది. మా ఊరి పప్పుపిండి, మంచి బలం అని మెచ్చుకుంది. శనగపిండికి చుట్టమే అనుకుంది నజ్నీన్. అప్పటినుంచి, మూడు వారాలుగా, పిల్లాడికి రోజూ అదే పెడుతోంది.

విజిట్ వీసా మీద వచ్చిన అత్తగారు ఖైరున్నిసా గుమ్మంలో కూర్చుని మనవణ్ణి చూస్తోంది. వాడు మునివేళ్ల మీద తడబడుతూ నడుస్తున్నాడు.

"వీడెప్పటి సంది ఇట్ల నడుస్తుండు?"

"చిన్నపిల్లగాడు అమ్మీ, ఆటలు."

నజ్నీన్ సంచి వంచింది. అడుగున చిన్న గుడ్డమూట దొరికింది. విప్పితే గింజలు. చదునుగా, మూలలు తేలి, అరిగిన పళ్లలా ఉన్నాయి. ముసలామె ఒకటి తీసి గోటితో గీకింది. ముఖం పాలిపోయింది. మరుక్షణం కోడలి చేతిలోంచి చెంచా లాగేసి, గిన్నెడు జావ సింకులో పారబోసి, సంచిని చెత్తబుట్టలోకి విసిరింది.

అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ! నిన్న కోడలి చేతిలోంచి కాసిని పాలు ఒలికితే పొద్దుగూకేదాకా సణిగిన మనిషి ఈమే.

"నా పిల్లగానికి ఏం పెట్టాల్నో నాకు తెల్వదా?" నజ్నీన్ అరిచింది. "నేనేం చేసినా మీకు తప్పే!"

హమ్జా ఏడుపుకు ఇనాయత్ నిద్రలేచి వచ్చాడు. "ఏమైంది అమ్మీ? ఎందుకు పారేసినవ్?"

ఆమె గింజను పిడికిట్లో బిగించుకుంది.

"చెప్పకపోతే ఎట్ల? రోజూ ఇదే లొల్లి. నీ టికెట్ ముందుకు జరిపిస్త. వచ్చే వారమే ఇంటికి పో."

ఖైరున్నిసా మనవడి కేసి చూసింది. వెళ్లిపోతే మనవణ్ణి మళ్లీ చూస్తుందో లేదో. అయినా ఆమె భయం దానికి కాదు. తను పోయాక ఈ పిండి మళ్లీ పొయ్యెక్కుతుంది.

"మీ నానీ, మా అమ్మ, నడువకపోతుండె, యాదికున్నదా?"

"బావిల పడ్డదంటివి గదా."

"పడలే బేటా. కరువుల జొన్న ఎండిపోయింది. ఖేసరి పప్పొక్కటే పండింది. పొద్దుమాపు అదే రొట్టె, అదే గటక. ముందు అమ్మ మడిమెలు నేలకు ఆనలే. ఇగో, వీని లెక్కనే మునివేళ్ల మీద నడిచింది. తర్వాత రెండు కట్టెలు. తర్వాత చేతులతోని పాకుడు." ఆమె పిడికిలి తెరిచింది. "ఇది ఆ గింజే."

"మరి ఇన్నేండ్లు ఎందుకు దాచినవ్?"

"ఆ ఇంట్ల కాళ్లరోగం ఉన్నదంటే నన్నెవరు చేసుకుందురు? చెప్పుకుంటే సిగ్గుచేటని నోరు మూసుకున్నం. ఆ అలవాటు ఇయ్యాల్టిదాకా పోలే."

నజ్నీన్ తన చేత్తో తనే తినిపించింది, ఇంకో ముద్ద అంటూ బతిమాలి మరీ. కొడుకు పాదాల కేసి చూసింది. మడిమెలు ఇంకా గాల్లోనే ఉన్నాయి. వంగి వాటిని పట్టుకుంది. మంచులా తగిలాయి. నేల మీద చెయ్యి పెడితే చలికి టైల్స్ కొరికేస్తున్నాయి. ఈ చలికేనేమో వాడు మడిమెలు ఆనించనిది!

పరుగున వెళ్లి నమాజు చేసుకునే జానిమాజ్ తెచ్చింది. తెరవబోతూ ఆగి, కళ్లకద్దుకుని పక్కన పెట్టి, మంచం మీది కంబళి లాగి నేలమీద పరిచింది. పిల్లాణ్ణి ఆ చివర నిలబెట్టింది.

"పిలువుండ్రి అమ్మీ."

ఖైరున్నిసా చేతులు చాపింది.

హమ్జా ఒక అడుగు వేశాడు. మడిమె కంబళికి ఆనింది. రెండోదీ ఆనింది. నవ్వుతూ వచ్చి నానమ్మ ఒడిలో పడ్డాడు. ఆమె వాడి పిక్కలు నిమిరి, మోకాళ్లు వంచి చూసి, భోరుమని ఏడ్చింది.

"ఏం కాలేదు బిడ్డా. నెలల కొద్దీ అదే తింటెనే కాళ్లు గుంజుతది. ఇగ పెట్టకు."

నజ్నీన్ ఆమె పాదాల దగ్గర కూలబడింది. "నాకు తెల్వలే అమ్మీ."

ఇనాయత్ చెత్తబుట్ట ఎత్తి బయటికి తీసుకెళ్లాడు. టికెట్ మాట మళ్లీ ఎత్తలేదు. ఆ చలికాలమంతా ఆ ఇంట్లో కంబళి మడత పెట్టలేదు. పొద్దున లేవగానే అత్తాకోడళ్లిద్దరూ ముందు పిల్లాడి మడిమెలు చూసేవాళ్లు.