ఒకటో తేదీ సంతకం

చిల్లకూరు దాటి హైవే దిగి, రొయ్యల గుంటల మధ్యగా తూర్పుకు పోతే నరేంద్రబాబు లారీ షెడ్డు వస్తుంది. మధ్యాహ్నం మూడింటికి రూఫస్ అక్కడ ఆటో దిగాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. జేబులో పెద్ద బండ్ల లైసెన్సు ఉంది. అది చేతికొచ్చి ఇంకా నెల కాలేదు.

అతని ముందు రెండు ఉద్యోగాలున్నాయి. ఒకటి కొడవలూరు రైసుమిల్లులో. పాత లారీ, తక్కువ జీతం, ఆదివారం చర్చికి సెలవు. రెండోది ఇది. కొత్త బండి, రెండింతల జీతం, సెలవు మాట లేదు. రూఫస్ మనసు దీనివైపే మొగ్గింది. అందుకు కారణం వాళ్ళమ్మ రెబెక్కమ్మ చేతులు. పన్నెండేళ్లుగా ఆమె రొయ్యలు ఒలిచే షెడ్డులో ఐసునీళ్లలో పనిచేస్తోంది. రబ్బరు తొడుగులు వేసుకున్నా వేళ్ల సందులు పగిలిపోయాయి. అన్నం కలిపేటప్పుడు ఉప్పు తగిలితే పళ్లు బిగబడుతుంది. ఆమె చేత ఆ పని మాన్పించాలని అతని కోరిక. కోరిక మంచిదే. కానీ మంచి కోరికతో బయల్దేరిన మనిషే దారిలో ఎక్కువ తొందరపడతాడు.

డ్రైవింగ్ నేర్పిన పెంచల్ పొద్దున్నే ఫోనులో హెచ్చరించాడు. "ముందు టైర్లు కొట్టి చూడరా. జంట టైర్ల సందులో రాయి ఇరుక్కునుందేమో రాడ్డు పెట్టి చూడు. ఆ తర్వాతే సరేనను. బండి చూడకుండా జీతం చూసి ఒప్పుకుంటే, పిల్లను చూడకుండా పందిరి చూసి తాళి కట్టినట్టే."

"నువ్వట్నే కట్టినావా అన్నా?"

"ఫోన్ పెట్టరా యెదవా!"

షెడ్డులో పనివాళ్లు ఎవరూ లేరు. నరేంద్రబాబు ఒక్కడే ప్లాస్టిక్ కుర్చీలో, కాళ్లు రెండూ పైకి ముడుచుకుని కూర్చున్నాడు. కళ్లు నిద్రలేక ఎర్రబారి ఉన్నాయి. ఎదురుగా పది చక్రాల లారీ, నిన్ననే కడిగినట్టు మెరుస్తోంది.

"క్రిస్టియన్సా? మంచిది. మీరు అబద్ధమాడరంటారే," అని నవ్వి కాగితం చాచాడు.

రూఫస్ చదివాడు. "సార్, ఈరోజు పదమూడు కదా. ఒకటో తేదీ నుంచి ఈ బండి నేనే తోలుతున్నట్టు రాసుందే?"

"ఇన్సూరెన్సోళ్ల గొడవలే నాయినా. పన్నెండు రోజుల జీతం ఊరికే వస్తుంటే చేదా నీకు? వద్దంటే చెప్పు, బయట ఇంకోడున్నాడు."

బయట ఎవరూ లేరని రూఫస్ చూసే వచ్చాడు. కాగితంలో ఉన్నది అబద్ధమనీ తెలుసు. కలం ఆగింది. అమ్మ వేళ్లు కళ్లముందు మెదిలాయి. సంతకం పెట్టి, అడిగితే లైసెన్సు కూడా ఇచ్చేశాడు.

నరేంద్రబాబు కాగితాన్ని, లైసెన్సును జేబులో పెట్టుకుని, నెత్తిమీది మూట దించినవాడిలా ఊపిరి వదిలాడు. కాళ్లు మాత్రం కిందికి దించలేదు.

"ఇంక నీ బండి నువ్వు చూసుకోపో."

అప్పుడు గుర్తొచ్చింది రూఫస్‌కు, ముందు చేయాల్సిన పని వెనకబడిందని. గోడకు ఆనించిన ఇనప రాడ్డు తీసుకున్నాడు. సముద్రం మీద మబ్బు పట్టింది. రేకుల కింద వెలుగు బూడిదరంగుకు తిరిగింది. ఫినాయిలు వాసన ముక్కును కొడుతోంది. దాని అడుగున ఇంకో వాసన, ఎండలో మరిచిపోయిన మాంసం వాసన...

ముందు టైర్లు కొట్టాడు. టంగ్... టంగ్... గాలి గట్టిగా ఉంది. కుడివైపు నాలుగూ అంతే. ఎడమవైపు చిట్టచివరి జంటలో బయటి టైరు మోగింది. లోపలి టైరు మోగలేదు.

దబ్...

మెత్తగా. మాంసం మీద కొట్టినట్టు.

మళ్లీ కొట్టాడు. లోపల ఎవరో మూలిగారు.

మూలిగింది ఇరుక్కున్న కుక్కేమోనని సందులోకి రాడ్డు దూర్చాడు. అది దేన్నో గుచ్చుకుని ఆగింది. వెనక్కి లాగాడు. రాలేదు. అవతలి నుంచి ఎవరో పట్టుకున్నారు... రెండు చేతులా బలంగా గుంజాడు. ఊడొచ్చింది. కొనకు నారింజరంగు రబ్బరు తొడుగు వేలాడుతోంది. ఎడమచేతిది. రొయ్యలు ఒలిచే ఆడవాళ్లు వేసుకునేది. అది ఖాళీగా లేదు. వేళ్లు ఇంకా కదులుతున్నాయి.

టైర్ల సందులోంచి తడిగొంతు గుసగుసలాడింది. "ఎవురయ్యా... తోలింది?"

వెనకనుంచి నరేంద్రబాబు అరిచాడు, ఈ ప్రశ్న రోజూ వినేవాడిలా. "వీడే! ఒకటో తేదీ నుంచి బండి వీడిదే! సంతకం ఉంది, చూసుకో మస్తానమ్మా!" కాగితాన్ని లారీ కిందికి విసిరాడు.

"సార్... ఏంది సార్ ఇది?"

"పోలీసులకైతే ఎవడో ఒకడు చాలు నాయినా. దీనికి మాత్రం సంతకం కావాలంట. రెండో తేదీ తెల్లారుజామున పనికి పోతూ అడ్డమొచ్చింది. నేను ఆపలేదు... మైలు దూరం ఈడ్చుకొచ్చినా..."

కింద కాగితం గరగరలాడింది. చదువుతున్నట్టు. తర్వాత తొడుగున్న కుడిచెయ్యి ఒకటి బయటికొచ్చి రూఫస్ చీలమండ పట్టుకుంది.

లాగింది. నేలమీద గడ్డం పగిలింది. కంకర మోచేతుల తోలు ఒలిచింది. ఇంజను ఆగే ఉంది... అయినా టైరు తిరుగుతోంది. మెల్లగా. అతని మోకాలివైపు. రబ్బరు చర్మాన్ని పట్టి నొక్కింది.

"నేను తోలలేదమ్మా!" అని గొంతు చించుకున్నాడు. "అబద్ధం మీద సంతకం పెట్టినా! మా అమ్మ కోసం పెట్టినా! తోలింది ఆయన!"

టైరు ఆగింది.

చెయ్యి వదిలింది. రూఫస్ పక్కకు దొర్లాడు.

నరేంద్రబాబు కాళ్లు నేలకు దించి పరుగెత్తాడు. నాలుగడుగులు పోకముందే ఆ చెయ్యి కాలు పట్టి పడేసింది. లారీ వెనక్కి దొర్లింది. తొందరేమీ లేనట్టు దొర్లింది. ముందు పాదాలు... తర్వాత మోకాళ్లు... నడుము దగ్గర ఆగింది. మళ్లీ ముందుకొచ్చింది, మళ్లీ వెనక్కి. పచ్చి రొయ్యల డొల్లలు నలిపినట్టు చప్పుడు. మూడోసారికి అరుపులు ఆగాయి. చప్పుడు మాత్రం చాలాసేపు ఆగలేదు.

కంకర మీద ఎగిరిపడిన లైసెన్సును రూఫస్ ఏరుకుని జేబులో వేసుకున్నాడు. సంతకం పెట్టిన కాగితం కోసం లారీ కింద వంగి చూశాడు. అక్కడ లేదు. రాడ్డు కొనకున్న తొడుగూ కనిపించలేదు.

కుంటుకుంటూ హైవే చేరి, ఆటో ఎక్కి ఇంటికొచ్చాడు. రేపే కొడవలూరు పోయి మిల్లులో చేరాలని ఒట్టు పెట్టుకున్నాడు. చీకటి పడుతుండగా రెబెక్కమ్మ పనినుంచి వచ్చింది. కొడుకు కాలికి గుడ్డ చుట్టుకుంటూ దీపం వెయ్యకుండా కూర్చున్నాడని గమనించకుండానే, చెంగుతో చేతులు ఒత్తుకుంటూ చెప్పుకుపోయింది.

"ఈరోజు సాయంత్రం నా పక్కన కొత్తామె కూర్చునిందిరా. ఒంటిచేత్తో ఎంత బిరబిరా ఒలుస్తుందనుకున్నావు! ఒక కాయితం తీసి, ఈ సంతకం మీ వాడిదేనా అనడిగింది. నీ సంతకం నాకు తెలీదా? అవునని చెప్పినా. అబద్ధమెందుకు చెప్తా?"

రూఫస్ చేతిలో గుడ్డ జారిపోయింది.

"ఆమెకు ఒక చేతికే తొడుగుండింది పాపం. రెండోది నీ దగ్గరుందంట కదా, ఇంటికొచ్చి తీసుకుంటానంది."

రూఫస్ చొక్కా జేబు తడుముకున్నాడు. లైసెన్సు పక్కన ఏదో మెత్తగా, చల్లగా తగిలింది. అది అతని వేళ్లను పట్టుకుంది.