ధమ్మిల థేరుని మౌనం

కృష్ణవేణి రెండు పాయలై చుట్టుకున్న మణిగల్లు దుర్గం, నల్లరాతి ప్రాకారాలతో, వాటిని మించి లేచిన మహాస్తూపపు తెల్లని గుమ్మటంతో, భిక్షువులు విహారం కదలని వర్షావాసం ముగియనున్న ఆ దినాల్లో శత్రువుల గుడారాల నడుమ తోడేళ్ళకు చిక్కిన ఆవువలె నిలిచి ఉండెను. ఈ వాక్యం ఇంకా సాగవలసింది. గురువు లేని చదువు నాది, ఊపిరి చాలక ఆపేశాను. కోటలోని వారికి ఊపిరే కాదు, గింజలూ చాలడం లేదు.

ఆ దుర్గాన్ని కాస్తున్నవాడు సేనాపతి మూలసిరి. పంచశీలం పుచ్చుకున్న ఉపాసకుడు. ప్రాణం తీయనని ప్రతిన పట్టి కత్తి ఎలా పట్టావయ్యా అని ఎగతాళి చేసేవారితో, "రెండూ ఈ చేత్తోనే పట్టాను, అదే నా ఏడుపు" అనేవాడు. చిక్కిన శత్రుసైనికులను వధించమని రాజు రుద్రకంతుడు ఆజ్ఞాపించగా, కాళ్ళూ చేతులూ కట్టిపడేసిన వారిని చంపడానికి అతనికి చేయి రాలేదు. జోరున వాన కురుస్తున్న వేళ చెరసాల తాళంచెవి రాణి తెచ్చి ఇచ్చింది. విహారం వెనుక తూములోంచి వాళ్ళను నదిలోకి వదిలేశారు.

"పోయి మీ పిల్లల ముఖం చూసుకోండి. మళ్ళీ యుద్ధానికి వచ్చారో, ఈసారి చంపుతాను" అన్నాడు మూలసిరి. అంతకుమించి ఒక్క మాట లేదు.

అది విన్నవాడు విహారాధిపతి, వృద్ధభిక్షువు ధమ్మిల థేరుడు ఒక్కడే. అబద్ధమెరుగని నోరని పేరు. "భదంతా, రాణిగారి పేరు మాత్రం పైకి రాకూడదు" అని సేనాపతి ఆయనకు మొక్కాడు.

ఇక మహామాత్యుడు ఇంద్రపాలితుడు. తూర్పు ద్వారం తెరిస్తే సింహాసనం నీదేనని శత్రునాయకుడు అతనికి మాట ఇచ్చి ఉన్నాడు. ద్వారానికి అడ్డంగా మూలసిరి ఉన్నాడు. ఖాళీ అయిన చెరసాల చూడగానే అమాత్యునికి ఆకలి కూడా తీరింది.

మణిగల్లులో రాజద్రోహం విచారించేది సభలో కాదు, భిక్షువులు కూడే విహారపు ఉపోసథశాలలో, భిక్షుసంఘపు పద్ధతిలో. నేరం ముమ్మారు చాటుతారు. నిందితుడు కాక వేరొకరు కాదని నోరు విప్పాలి, మౌనం సంఘపు అంగీకారం. నోరు విప్పిన సాక్షి చూసింది, విన్నది, అనుమానించింది అంతా చెప్పి తీరాలి. ఆ శాలలోకి అంతఃపుర స్త్రీలు రారాదు.

"మహారాజా! కోట అప్పగిస్తానన్న కబురు మోసుకొని ఖైదీలు శత్రువును చేరుకున్నారు. పంపిన ఘనుడు మీ ఎదుటే నిలిచి ఉన్నాడు" అన్నాడు ఇంద్రపాలితుడు.

"వదిలింది నేనే ప్రభూ, దానికి శిక్ష వేయండి. కానీ కబురు పంపదలిస్తే ఆకలితో నడవలేనివాళ్ళతో పంపుతానా? నాకు గుర్రాలుండేవి." మూలసిరి కూడినవారివైపు తిరిగాడు. "అందరం కలిసి తినేశామనుకోండి."

ఎవరో నవ్వి, అమాత్యుని చూపు తగిలి దగ్గుగా మార్చుకున్నారు.

"నీ మాటకు సాక్షి ఎవరు?" అన్నాడు రాజు.

మూలసిరి థేరునివైపు చూడనే లేదు. అయినా రాజు కళ్ళు థేరునివైపు మళ్ళాయి, తూము విహారానిదే కనుక.

థేరుడు లోలోపల తూచుకున్నాడు. నిజం చెబితే రాణి తల పోతుంది. అబద్ధమాడితే శీలం పోతుంది. ఊరకుంటే? నియమం సంఘానిదైనా తీర్పు రాజుది, అందులో భిక్షువు మౌనాన్ని ఎవరు లెక్కపెడతారు! రెండు పాపాల మధ్య సందు దొరికిందని ఆ పుణ్యాత్ముడు కళ్ళు మూసుకున్నాడు.

నేరం ముమ్మారు చాటారు.

"థేరులు మౌనంగా ఉన్నారు. సంఘం ఒప్పుకున్నది" అన్నాడు ఇంద్రపాలితుడు, వినయంగా చేతులు జోడించి.

"కాదు! మహారాజా, అతడు ద్రోహి కాడు!" అని అరిచాడు థేరుడు.

"మూడోసారి చాటాక మాట చెల్లదు భదంతా. నియమం మీదే" అన్నాడు అమాత్యుడు.

రాజు తల దించుకొని వధకు ఆజ్ఞ ఇచ్చాడు. మూలసిరి థేరుని పాదాలంటి, "నొచ్చుకోకండి భదంతా. నేను అడిగిందే మీరు చేశారు" అని భటుల వెంట నడిచాడు.

మధ్యాహ్నానికి అతని తల తెగింది. పొద్దు వాలే వేళకు తూర్పు ద్వారం తెరుచుకుంది. గడియ లోపలినుంచి తీసి ఉండడం చూసి రాజు, "మూలసిరీ!" అని ఒక్క కేక వేసి, శత్రువుల కత్తులకు ఆ ద్వారంలోనే కూలాడు. శత్రునాయకుడు మాట తప్పనివాడు. ఇంద్రపాలితుణ్ణి సింహాసనం మీద కూర్చోబెట్టే చంపించాడు.

రాణి పరుగున వచ్చి స్తూపం మాటున దాగింది. వెనుకనే నాయకుడు నెత్తుటి కత్తితో విహారంలోకి వచ్చాడు.

"ఏమయ్యా సన్యాసీ, అబద్ధమాడవట కదా. రాణి ఎక్కడ?"

"తెలుసు. చెప్పను."

"చెప్పకపోతే చస్తావు ముసలాడా!"

"ఆ సంగతి నాకు పొద్దున్నే, రాజు ఎదుట తోచవలసింది నాయనా" అని, ధమ్మిల థేరుడు మెడ మీది కాషాయాన్ని తన చేత్తోనే పక్కకు తొలగించాడు.