సీటు కింద తెల్లగీత

ఆదివారం మధ్యాహ్నం, మా వీధి చివర నాణేలు వేస్తే బట్టలుతికే షాపులో కూర్చుని ఫోన్‌లో సెకండ్‌హ్యాండ్ స్పోర్ట్స్ కార్లు చూస్తున్నాను. మూడేళ్ళుగా ప్రతి ఆదివారం ఇదే పని. నాకు కార్ల పిచ్చి లేదు. ఎర్రటి బండిలో రయ్యిమని పోయేవాణ్ణి ఆపి, ఈ సీటు బిగించినవాడు ఎప్పుడు నిద్రపోయాడో తెలుసా అని అడగాలనిపించే రకం నేను. నేను వెతుకుతున్నది ఒక్క నంబరు కోసం.

మా దేశంలో పాత బండి అమ్మకానికి పెడితే, ఛాసిస్ నంబరు చివరి మూడు అంకెలు ప్రకటనలో వేస్తారు. ఆ రోజు వేసిన అంకెలు 417.

మా అన్న కజుమ జేబు పుస్తకంలో ఆ అంకెలున్నాయి. నవంబరు పదకొండు, 417. అన్న మా ఇవసకా ఊరి ఫ్యాక్టరీలో సీట్లు బిగించేవాడు. సీటుకి నాలుగు బోల్టులు. సరిగ్గా బిగిసినప్పుడు రెంచి 'టక్' మంటుంది. వెంటనే తెల్ల పెయింటు పెన్నుతో బోల్టు మీంచి నేల మీదికి ఒక గీత. బోల్టు ఏమాత్రం కదిలినా ఆ గీత విరిగి కనిపిస్తుంది. అన్న గీతకి చివర్లో చిన్న కొక్కెం ఉండేది. ఆ పక్కన, తనిఖీ చేసేవాడు పసుపు గీత పెట్టాలి. పసుపు గీత లేని బండి లైను దాటదు. ఆ పసుపు గీత నాది. నాది ఎడమచేతి వాటం, అందుకని గీత అటు ఒరిగి ఉంటుంది.

యాభై ఎనిమిది సెకన్లకి ఒక బండి. ఆ లోపల తుమ్మడానికి కూడా తీరిక ఉండదు. బండి మారినప్పుడల్లా అన్న తల ఎత్తకుండా అడిగేవాడు.

"ఇంకెన్ని, షుగో?"

"ఇదే ఆఖరన్నా."

ప్రతిసారీ అదే జవాబు. ప్రతిసారీ అన్న నవ్వేవాడు.

ఎనిమిది గంటల పని, ఎనిమిది గంటల నిద్ర, ఎనిమిది గంటలు మనవి అని కరపత్రాలు పంచినందుకు నాలుగేళ్ళ కిందట అక్టోబరులో నన్ను తీసేశారు. మనిషి యంత్రానికి విడిభాగం కాదని గేటు ముందు నిలబడి అరిచాను. లోపల నా స్థానంలో ఎవరినీ పెట్టలేదు. తెల్లగీతా పసుపు గీతా రెండూ అన్నే పెట్టాడు. నవంబరు పద్నాలుగున వంటింటి గడపలో, ఒక కాలికి బూటుతో, పడిపోయి కనిపించాడు. ముప్ఫై నాలుగేళ్ళు.

మూడో తేదీ నుంచి అతను సెలవులో ఉన్నాడని కంపెనీ కాగితం చూపించింది. నిజానికి ఆ రోజుల్లో అన్న చేసింది లెక్కలో లేని పని. టైము కార్డు కొట్టనివ్వకుండా చేయించారు. ఇంట్లో ఖాళీగా ఉన్నవాడు పనివల్ల ఎలా పోతాడని కార్మిక శాఖ వాళ్ళు మా వదిన మినోరిని అడిగారు. పుస్తకం చూపిస్తే, అంకెలు ఎవరైనా రాసుకోవచ్చన్నారు. వదినకి కావలసింది ఒక్క వాక్యం. 'ఇతను పని వల్ల చనిపోయాడు' అని సర్కారు కాగితం మీద ఒక్క వాక్యం. ఆఖరి విచారణ ఈ నెలాఖరున. పదకొండో తేదీన తయారైన బండిలో, సీటు కింద అన్న గీత కనబడితే చాలు.

బట్టలు మిషన్లో ఉండగానే డీలర్‌కి ఫోన్ చేశాను. షాపు ఉత్తరాన హొక్కైడో దీవి చివర, కుషిరోలో. ఒనొదేరా అనే పెద్దాయన ఎత్తాడు.

"వచ్చి చూసుకో బాబూ. అంత దూరం నుంచి ఫోటో చూసి కొనడానికి ఇదేమన్నా ఎండుచేపా?"

"చూడక్కర్లేదండీ. ఒక్కటే మాట. సీట్లు ఎప్పుడైనా విప్పారా?"

"నలభై ఏళ్ళుగా బండ్లమ్ముతున్నాను. అందరూ సైలెన్సర్ శబ్దం వినిపించమంటారు. సీటు కింద సంగతి అడిగినవాడివి నువ్వే." నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "విప్పలేదు. విప్పే పని పడదు. ముగ్గురి చేతులు మారిందిది. ఎవరూ ఒక చలికాలం దాటి ఉంచుకోలేదు."

"ఏం, చెడిపోతుందా?"

"చెడిపోతే నాకు గిట్టుబాటే కదా. ఎంత తిప్పినా ఒక్క బోల్టు వదులవదు. ఎప్పుడు తెచ్చినా ఇప్పుడే ఫ్యాక్టరీలోంచి వచ్చినట్టుంటుంది. మెకానిక్ నోట్లో మట్టి కొట్టే బండి. నాకదే నచ్చలేదు బాబూ. ఏ వస్తువైనా కాస్త అరగాలి."

"మీరు చెయ్యి పెట్టకండి. అలాగే లారీ ఎక్కించండి."

మా లాయరు సెగావా గారు చెప్పిందీ అదే. సోమవారం పొద్దున కార్మిక శాఖ అధికారి వస్తాడు. ఆయన కళ్ళముందే సీటు కింద మూతలు తియ్యాలి. అంతవరకూ ఎవరూ తాకకూడదు.

శుక్రవారం సాయంత్రం లారీ వచ్చింది. వదిన అద్దెకి తీసుకున్న షట్టరు గదిలోకి బండిని దించారు. ముదురు నీలం. హొక్కైడో మంచు ఇంకా చక్రాల లోపల గడ్డకట్టి ఉంది. వదిన చాలాసేపు చూసింది. సంచిలోంచి పాలు కలిపిన కాఫీ డబ్బా తీసి ముందు చక్రం దగ్గర పెట్టింది. ఇంట్లో అన్న ఫోటో ముందు రోజూ పెట్టే కాఫీయే.

"నాకు పదింటిదాకా డ్యూటీ," అంది. సూపర్‌మార్కెట్‌లో చేపల విభాగంలో చేస్తుంది తను. "నువ్వు కాపలా ఉంటావా?"

"ఉంటాను వదినా."

"తాకకు షుగో. నీ ఆవేశం నాకు తెలుసు."

షట్టరు దించుకుని వెళ్ళింది. డిసెంబరు కదా, అయిదింటికే చీకటి. చిన్న బల్బు కింద బండి, దాని పక్కన స్టూలు మీద నేను. గదిలో రబ్బరు వాసన, తడి సిమెంటు వాసన. మంచు కరిగి బొట్టు బొట్టుగా నేల మీద పడుతోంది. నా జేబులో సోమవారం చదవబోయే ప్రకటన ఉంది. 'ఇది ఒక్క కజుమ కథ కాదు' అని మొదలవుతుంది. దాన్ని తీసి దిద్దుకుంటూ కూర్చున్నాను.

అయిదున్నరకి వాసన మారింది.

మొదట కాఫీ అనుకున్నాను. కాదు. కర్పూరం. నడుముకి అంటించుకునే నొప్పి పట్టీల వాసన. అన్న చొక్కాలు ఉతికినా పోయేది కాదది. అయిదున్నర మా రాత్రి షిఫ్టు మొదలయ్యే వేళ.

టక్.

మంచు గడ్డ ఊడి ఉంటుందనుకున్నాను. కాగితం మీదికి తల వంచాను. కానీ తెలియకుండానే లోపల లెక్కపెడుతున్నాను... యాభై ఆరు... యాభై ఏడు...

టక్.

బండి లోపలి నుంచి. డ్రైవరు సీటు కింద నుంచి.

లేచి నిలబడ్డాను. అద్దంలోంచి చూశాను. ఖాళీ సీటు. నల్లటి తోలు. ఎవరూ లేరు. దెయ్యాలు పాలకులు కనిపెట్టిన మత్తుమందు అని నేనే ఎన్నోసార్లు అన్నాను. ఇప్పుడూ అదే అనుకుందామని చూశాను.

టక్.

ఈసారి రెండో సీటు కింద... నా చెయ్యి తలుపు మీద ఉంది. తెరవకూడదని తెలుసు. వదిన మాట చెవిలో ఉంది. కానీ నాలుగేళ్ళయింది అన్న గీసిన గీత చూసి. తలుపు తెరిచాను. మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఫోన్ వెలుగు సీటు కిందికి పెట్టాను.

బోల్టు మీద ఉండాల్సిన నల్లమూత తీసి పక్కన పెట్టి ఉంది. చక్కగా, బోర్లించి. అన్న అలాగే పెట్టేవాడు.

బోల్టు మీద తెల్లగీత. చివర్లో కొక్కెం.

కళ్ళనిండా నీళ్ళు వచ్చాయి. దొరికిపోయారు రా దొంగలు అనుకున్నాను. నిజం, నాకు ముందు కలిగింది భయం కాదు, సంతోషమే.

అప్పుడు ఆ చీకట్లో, నా చెయ్యికి జానెడు దూరంలో, ఎవరో ఊపిరి వదిలారు. బాగా అలిసిపోయిన ఊపిరి.

"ఇంకెన్ని... షుగో?"

నాలుగేళ్ళు. ఒక్క రోజు సెలవు లేదు. చావు కూడా ఈ మనిషిని ఆ లైను మీంచి దించలేదు.

"అన్నా... వచ్చెయ్."

"ఇంకెన్ని?"

గుసగుసగా, నోటికి అలవాటైన మాటే అన్నాను.

"ఇదే ఆఖరన్నా."

నవ్వు వినబడలేదు. టక్ మంది.

తర్వాత షట్టరు పైకి లేచిన చప్పుడు. వదిన. నేను బండి పక్కన మోకాళ్ళ మీదే ఉన్నాను. పట్టుమని పది నిమిషాలైందనుకున్నాను. గోడ గడియారం పదీ పావు చూపిస్తోంది. నడుము ఎత్తలేకపోయాను. తలుపు మూసి ఉంది. మూతలు వాటి చోట్లో ఉన్నాయి. కాఫీ డబ్బా ఖాళీగా ఉంది.

"నువ్వు తాగావా?" అంది వదిన.

"లేదు."

"పోనీలే, తాగితే తప్పేముంది. వెళ్ళి చేతులు కడుక్కో. జిడ్డు ఓడుతున్నాయి."

రాత్రంతా లెక్క వేసుకున్నాను. నాలుగు గంటల నలభై అయిదు నిమిషాలు. యాభై ఎనిమిది సెకన్లకి ఒకటి. దాదాపు మూడువందల బండ్లు. గదిలో ఉన్నది మాత్రం ఒక్కటే.

వదినకి చెప్పలేదు. చెప్తే విచారణ మానుకుంటుంది. ఇన్నాళ్ళకి మన చేతికి రుజువు దొరికిందనుకున్నాను.

సోమవారం పొద్దున అధికారి తెల్ల చేతి తొడుగులు వేసుకుని వచ్చాడు. సెగావా గారు ఫోటోలు తీస్తున్నారు. వదిన షట్టరు పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. మొదటి మూత తీశాడు. తెల్లగీత. కొక్కెం. వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆ పక్కన పసుపు గీత ఉంది. ఎడమకి ఒరిగి.

అధికారి వేలితో ముట్టుకున్నాడు. వేలు పైకెత్తి మాకు చూపించాడు. తెల్ల తొడుగుకి పసుపు అంటుకుంది.

"నాలుగేళ్ళ నాటి పెయింటన్నారు," అన్నాడు మెల్లగా. "ఇది ఇంకా ఆరలేదు."

నాలుగు మూతలూ తీశాడు. అన్నీ తడిగానే ఉన్నాయి. సెగావా గారు కెమెరా దించేశారు.

"షుగో గారూ, పసుపు గీత మీది కదా. నవంబరులో మీరసలు ఆ ఫ్యాక్టరీలోనే లేరు."

"నేను గియ్యలేదండీ."

"మరెవరు గీశారో చెప్పండి. రాసుకుంటాను."

పెన్ను పట్టుకుని నిజంగానే ఎదురుచూశారావిడ. నేనేం చెప్పను? మా అన్న ఇంకా పనిలోనే ఉన్నాడని చెప్పనా? చేసిన చాకిరీకి దొరికిన ఒకే ఒక్క సాక్ష్యాన్ని ఆ చాకిరీతోనే చెరిపేసుకున్నాడని చెప్పనా? అధికారి చేతి తొడుగులు తీసి సంచిలో వేసుకున్నాడు. తలవంచి నమస్కరించి వెళ్ళిపోయాడు. జేబులో ప్రకటన అలాగే ఉండిపోయింది.

వదిన నన్ను తిట్టలేదు.

"ఆ కొక్కెం కూడా నువ్వే గీశావా?" అని అడిగింది.

"వదినా, నీ మీద ఒట్టు..."

"బాగా గీశావు. ఒక్క నిమిషం ఆయనే అనుకున్నాను."

మళ్ళీ నా ఫోన్ ఎత్తలేదు.

బండిని ఒనొదేరా గారే సగం ధరకి వెనక్కి తీసుకున్నాడు. పదిరోజులకి ఫోన్ చేశాడు.

"నువ్వు అంతగా అడిగావని సీట్లు విప్పించాను బాబూ. గీతలేం లేవే. బోల్టులు కూడా మామూలుగా వదులయ్యాయి. ఇప్పుడది మామూలు బండి. దాన్నేం చేశావు నువ్వు?"

నేనేమీ చెయ్యలేదన్నాను. ఫోన్ పెట్టేసి మంచం మీద కూర్చున్నాను. అద్దె గదిలో ఇనప మంచం. దాన్ని నేనే బిగించుకున్నాను, ఎనిమిది బోల్టులు. కర్పూరం వాసనకి వారం కిందట వంగి చూశాను. ఒకదాని మీద తెల్లగీత ఉంది. మర్నాడు ఇంకోటి. రోజుకొకటి. తుడిస్తే పోతుంది, అయిదున్నరకి మళ్ళీ ఉంటుంది. కరపత్రాలు రాయడం మానేశాను. రాయడానికి కూర్చుంటే చెయ్యి అక్షరం పెట్టదు. ఎడమకి ఒరిగిన గీత ఒకటి పెట్టి, యాభై ఎనిమిది సెకన్లు ఆగి, ఇంకోటి పెడుతుంది.

ఈ సాయంత్రానికి ఏడు బోల్టుల మీద తెల్లగీతలున్నాయి. కొక్కేలతో సహా.

ఎనిమిదోదాని మీద తెల్లగీత లేదు.

పసుపు గీత ఉంది. ఎడమకి ఒరిగి, తడిగా. నా వేళ్ళకి కూడా పసుపు.