కుడి సగం

శవం నాలుగో అంతస్తు కిటికీ కింద, బిల్డింగుకీ ప్రహరీ గోడకీ మధ్య ఇరుకు సందులో పడి ఉంది. వాచ్‌మన్ చూసేసరికి సాయంత్రం అయిదు దాటింది.

పోయిన కుర్రాడికి ఇరవై ఆరేళ్ళు. గేములు ఆడేవాళ్ళకి కీబోర్డులు డిజైన్ చేసి ఇస్తుండేవాడు. అక్కాబావల ఫ్లాట్‌లో వెనక గది అతనిది. కిటికీ బార్లా తెరిచి ఉంది. కంప్యూటర్ తెర మీద రెండే వాక్యాలు.

'అక్కా, ఇక నా వల్ల కాదు. నన్ను క్షమించు.'

ఎస్సై ఫోటో తీశాడు. "సూసైడ్ సర్. క్లియర్ కేసు. పంచనామా రాసేద్దామా?"

ఇన్‌స్పెక్టర్ బల్ల మీదికి వంగాడు. స్టేషన్‌లో ఈయనకి చాటుగా ఒక పేరుంది, నస ఇన్‌స్పెక్టర్ అని. అడిగిందే అడుగుతాడు. అవతలివాడు విసిగిపోయి నిజం కక్కేదాకా వదలడు. ఆ పేరు ఆయన చెవినా పడింది. పెద్దగా పట్టించుకోలేదు.

"ఇదేం కీబోర్డయ్యా బాబూ?" అన్నాడు.

రెండు ముక్కలు. ఎడమ ముక్క బల్ల మీద పడుకుని ఉంది. కుడి ముక్క చిన్న స్టాండు మీద, అరలో పెట్టిన పుస్తకంలా నిలబడి ఉంది. రెండింటినీ కలుపుతూ జానెడు నల్ల వైరు. ఎడమ ముక్క నుంచే ఇంకో నల్ల వైరు కంప్యూటర్‌లోకి. కీల మీద ఒక్క అక్షరమైనా లేదు. అన్నీ నున్నగా బోడిగా ఉన్నాయి.

"వాడు దూకలేదు సార్."

గుమ్మంలో నిలబడి ఉంది అక్క. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది.

"షాక్‌లో ఉంది సార్, పట్టించుకోకండి," అన్నాడు ఆమె భర్త.

ఇన్‌స్పెక్టర్ అతని వైపు తిరిగాడు. "మీరెక్కడున్నారు మధ్యాహ్నం?"

"ముందు గదిలో. తలనొప్పిగా ఉంటే మాత్ర వేసుకుని పడుకున్నా."

"మీ ఆవిడ?"

"డాబా మీద. బట్టలు తేవడానికి వెళ్ళింది."

"ఎవరైనా చూశారా ఆమెని?"

"ఎవరు చూస్తారు సార్, అంత ఎండలో!"

"ఈ కీబోర్డు మీరు వాడతారా?"

"అబ్బే! ఆ ఆటబొమ్మని ఇంతవరకూ ముట్టుకోలేదు. ఏ అక్షరం ఎక్కడ పెట్టాడో వాడికే ఎరుక. దాని మీద కొట్టడం ఇద్దరికే వచ్చు సార్. వాడికీ, మా ఆవిడకీ."

చాలా మామూలుగా అన్నాడు ఆ మాట. ఎస్సై చటుక్కున అక్క వైపు చూశాడు.

ఇన్‌స్పెక్టర్ ఆమెని వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరగా వేశాడు.

"అమ్మా, దూకలేదంటే ఎవరో తోశారని అర్థం. తోసినవాళ్ళే ఆ నోట్ కొట్టారు. దాని మీద కొట్టడం వచ్చినవాళ్ళలో మిగిలింది మీరొక్కరే. మీరేమంటున్నారో మీకు తెలుస్తోందా?"

"తెలుస్తోంది సార్."

"సూసైడ్ అంటే ఈ పూటతో ఫైలు మూతబడుతుంది. కాదంటే ముందు లోపలికి వెళ్ళేది మీరే."

"వేయండి సార్ లోపల. వాడు దూకాడని మాత్రం రాయకండి." పెదవి కొరుక్కుంది. "పొద్దున కూర్చోబెట్టి నా వేళ్ళు కొలిచాడు. చిటికెన వేలికి ఇంకో కీ తగ్గిస్తే సుఖంగా ఉంటుందన్నాడు. చావాలనుకున్నవాడు చిటికెన వేలు కొలుచుకుంటూ కూర్చుంటాడా?"

ఇన్‌స్పెక్టర్ తన చిటికెన వేలు చూసుకున్నాడు. ఆయనకీ ఒక తమ్ముడున్నాడు.

"మీరేం చేస్తుంటారు?"

"డాక్టర్లు రికార్డు చేసి పంపింది విని టైపు చేస్తాను. ఇంట్లోంచే. చెయ్యి మొరాయిస్తోందని నాకోసమే చేశాడు ఈ కీబోర్డు. వాడి గేముకీ పనికొచ్చేలా, నా టైపింగుకీ పనికొచ్చేలా."

"చేతికేమైంది?"

"టైపింగే సార్. నరాలు పట్టేశాయి."

ఆ మాట అంటూ కుడిచెయ్యి వెనక్కి పెట్టుకుంది.

ఇన్‌స్పెక్టర్ మళ్ళీ వెనక గదిలోకి వెళ్ళాడు. చేతికి గ్లవ్స్ వేసుకుని కొత్త ఫైలు తెరిచి ఎడమ ముక్క మీద కీలన్నీ వరసగా నొక్కాడు. తెర మీద అక్షరాలు పడ్డాయి. కుడి ముక్క మీద నొక్కాడు. ఏమీ పడలేదు. మళ్ళీ నొక్కాడు. ఉహూఁ. ఎస్సై విసుగ్గా గోడకి జారబడ్డాడు.

"ఎవడయ్యా దీని లోపల వైర్లు అతికి సోల్డరింగ్ చేసింది? పిలిపించు."

ఆ పని చేసిపెట్టిన స్నేహితుడు వచ్చాడు. అతన్ని అందరూ 'వైరు' అంటారట. మనిషీ అలాగే ఉన్నాడు, సన్నగా. లోపలికి వస్తూనే ఖాళీ కుర్చీ చూసి బావురుమన్నాడు. తేరుకునేదాకా ఆగి, ఇన్‌స్పెక్టర్ మొదలుపెట్టాడు.

"కుడి సగం ఎప్పట్నుంచి పనిచెయ్యట్లేదు?"

"పనిచెయ్యకపోవడమేంటి సార్? మూడున్నరకి గేమ్ ఆపి నాకు చాంతాడంత మెసేజ్ కొట్టాడు. ఆటకైతే ఎడమ సగం చాలు, రెండో చెయ్యి మౌస్ మీద ఉంటుంది. రాయాలంటే రెండూ కావాల్సిందే. కుడి సగం లేకపోతే సగం అక్షరాలు రావు."

"మరి ఇప్పుడెందుకు రావట్లేదు?"

స్నేహితుడు రెండు ముక్కల మధ్య ఉన్న నల్ల వైరు వైపు చూశాడు. మొహం పాలిపోయింది. "కరెంటు ఉండగా దీన్ని పీకారు సార్. ముందు కంప్యూటర్ వైరు తియ్యాలి, తర్వాతే ఇది. వరస తప్పితే లోపల షార్ట్ అయి బోర్డు మాడిపోతుంది. వాడు చచ్చినా అలా పీకడు. అక్కకి కూడా నెత్తిన మొట్టి మరీ నేర్పాడు."

"కుడిది ఇలా నిలబెట్టారేం?"

"అక్క అరచెయ్యి కిందికి తిరగదు సార్. అందుకని కీబోర్డునే చేతి వైపు తిప్పాడు."

ఇన్‌స్పెక్టర్ తన కుడిచేతిని బల్ల మీద బోర్లించాడు. వెల్లకిలా తిప్పాడు. మళ్ళీ బోర్లించాడు. చాలాసేపు అదే పని.

"ఈ వైర్ల ప్లగ్గులన్నీ వేలిముద్రలకి పంపు," అన్నాడు ఎస్సైతో. "ముందు గది కంప్యూటర్ కీబోర్డు కూడా."

మర్నాడు పదింటికి అందర్నీ ఆ వెనక గదిలోనే కూర్చోబెట్టాడు.

"మూడున్నరకి ఈ కీబోర్డు బతికే ఉంది. తర్వాత ఎవరో కరెంటు మీద వైరు పీకి చంపేశారు," అన్నాడు. "ఎందుకు పీకారు? ముందు గదిలోని మామూలు కీబోర్డు తెచ్చి తగిలించడానికి. ఎడమ ముక్కకి రెండు నల్ల వైర్లున్నాయి. కంగారులో ముందు చేతికందింది పీకారు. పొరపాటు తెలిసి మళ్ళీ గుచ్చారు, రెండోది తీశారు. నోట్ కొట్టి, మళ్ళీ దీన్ని యథాప్రకారం పెట్టేశారు. అక్షరాల్లేని కీబోర్డు చూసి, దూకినవాడే రాసుకున్నాడని మేం అనుకోవాలి. అనుకోకపోతే ఈవిడ రాసిందనుకోవాలి. వేరే దారి లేదు. బాగానే ఆలోచించారు."

"ఎవరు సార్?" అన్నాడు 'వైరు'.

"వరస తెలియనివాళ్ళు. నీకు తెలుసు. ఈవిడకీ తెలుసు." భర్త వైపు తిరిగాడు. "ఈ ఆటబొమ్మని ముట్టుకోలేదన్నారు. ప్లగ్ తొడుగు మీద మీ బొటనవేలు ఎలా పడింది?"

"ఎప్పుడో... తుడుస్తుంటే..."

"ఎప్పుడు?"

"గుర్తులేదు."

"ఏం తుడుస్తుంటే?"

"బల్ల! ఏంటి సార్ ఈ నస?"

"బల్ల తుడుస్తూ ప్లగ్గు పీకారా? సరే. బావమరిది మీతో ఏం మాట్లాడాడు నిన్న మధ్యాహ్నం?"

అతను భార్య వైపు ఉరిమి చూశాడు. ఇన్‌స్పెక్టర్ నిలబడి ఉన్న కుడి సగం పక్కన చెయ్యి ఆనించాడు.

"అమ్మా, టైపింగ్ వల్ల నొప్పి వస్తుంది, తిమ్మిరెక్కుతుంది. అరచెయ్యి తిరగడం ఆగిపోదు. ఎముక విరిగి, వంకరగా అతుక్కుంటే ఆగిపోతుంది. రాత్రి డాక్టర్ని అడిగాను. మీ తమ్ముడికి కొలతలు తీస్తున్నప్పుడే తెలిసి ఉండాలి."

"బాత్‌రూమ్‌లో జారిపడింది!" అరిచాడు భర్త. "చెప్పవే, నోట్లో ఏం పెట్టుకున్నావు?"

ఆమె అతని వైపు చూడలేదు.

"తెలిసిపోయింది సార్ వాడికి. నిన్న పొద్దున చెయ్యి పట్టుకుని, 'అక్కా, ఇది టైపింగ్ కాదు, ఎవరో మెలిపెట్టారు' అన్నాడు. కాదన్నాను. నమ్మలేదు. బావనే అడుగుతానన్నాడు. వద్దురా, నీ కాళ్ళు పట్టుకుంటాను అని బతిమాలాను. సరేలే అన్నాడు. ఆ మాట నమ్మి డాబా మీదికి వెళ్ళాను." ఖాళీ కుర్చీ వైపు చూసింది. "వాచ్‌మన్ కేకలకి దిగొచ్చాక తెర చూశాను. నాకు అప్పుడే తెలుసు సార్. దూకలేదని చెప్పగలిగాను గానీ, ఈయన పేరు చెప్పడానికి నోరు పెగల్లేదు. మూడేళ్ళ భయం."

"పిచ్చిది సార్ అది!" భర్త లేవబోయాడు. ఎస్సై భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు.

ఇన్‌స్పెక్టర్‌కి ఇంక అడగాల్సింది ఏమీ తోచలేదు. కాస్త మెత్తగా అన్నాడు. "స్టేట్‌మెంట్ ఇస్తారా అమ్మా? నిన్న మధ్యాహ్నం జరిగింది చెప్పండి చాలు."

"చాలదు సార్," అంది ఆమె. వెనక దాచుకున్న కుడిచెయ్యి ముందుకు తీసి బల్ల మీద పెట్టింది. అరచెయ్యి పక్కవాటుగా ఆగిపోయింది. "నిన్నటి నుంచి కాదు. దీన్ని విరిచిన రోజు నుంచి రాసుకోండి."