తల ఊపని కొడుకు

ఆ ఆదివారం ఆరాధన ముగిశాక ఎవరూ వెళ్ళవద్దని పాస్టర్ జెరెమియా చెప్పినప్పుడు, స్త్రీల వైపు మూడో బెంచీలో కూర్చున్న దేవకృపకు ఏ అనుమానమూ రాలేదు. యువకులు కిటికీ తలుపులు మూసి, ముందు గోడకు తెల్లటి తెర కట్టారు. "సువార్త కోసం మన పిల్లలు ఆరు నెలలు కష్టపడి తీసిన చిన్న సినిమా ఇది. మన మధ్యనే ఉన్న ఒక కుటుంబం సాక్ష్యం" అన్నాడు పాస్టర్. మగవాళ్ళ వైపు మొదటి బెంచీలో కూర్చున్న భర్త జీవరాజు వెనక్కి తిరిగి ఆమెను ఒకసారి చూసి, వెంటనే తల తిప్పేసుకున్నాడు.

తెర మీద ఒక కుర్రాడు. చేతిలో గ్లాసు, చుట్టూ రంగురంగుల లైట్లు, పొట్టి బట్టలతో డ్యాన్సు చేస్తున్న ఆడపిల్లలు. ఇంట్లో తల్లి జుట్టు విరబోసుకుని మోకాళ్ళ మీద ఏడుస్తోంది. తర్వాత ఆసుపత్రి మంచం. బైబిలు పట్టుకుని తండ్రి వచ్చాడు. కుర్రాడు రెండు చేతులూ జోడించి, "నాన్నా, నన్ను క్షమించు. నేను యేసయ్య దగ్గరికి వచ్చేశాను" అని తల ఊపి, నవ్వుతూ కన్నుమూశాడు. వయొలిన్లు గొల్లుమన్నాయి. ఆఖరున ఒక ఫోటో వచ్చింది. అది నటుడిది కాదు. ఏడాది క్రితం రక్త క్యాన్సరుతో పోయిన తన కొడుకు జెఫ్రీది... డిగ్రీ పూర్తయిన రోజు మెట్టుగూడ స్టూడియోలో తనే పక్కన నిలబడి తీయించిన ఫోటో.

సంఘమంతా ఏడ్చింది. ఆడవాళ్ళు వచ్చి ఆమెను కౌగిలించుకుని, "ధన్యురాలివి అక్కా, నీ కన్నీటి ప్రార్థన వృథా పోలేదు" అన్నారు. దేవకృప కంట ఒక్క చుక్క రాలేదు. ఆమె జెఫ్రీ జీవితంలో ఎన్నడూ మందు గ్లాసు పట్టుకోలేదు. ఆ మాటలూ అనలేదు. తల ఊపనే లేదు.

జెఫ్రీ సినిమాలకు శబ్దాలు కూర్చే పని చేసేవాడు. తలుపు కిర్రుమనడం, ఎండుటాకుల మీద అడుగుల చప్పుడు, వంటింట్లో గిన్నె జారిపడటం, ఇవన్నీ వాడు విడిగా రికార్డు చేసి తెచ్చేవాడు. తెల్లవారుజామునే కాప్రా చెరువు గట్టు మీద కూర్చుని నీటికోళ్ళ అరుపులు పట్టుకొచ్చి, తల్లి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి వినిపించేవాడు. గుడిలో గాయక బృందానికి కీబోర్డు వాయించింది కూడా వాడే. సినిమా పని మానాలి, లేదా బృందం మానాలి అని సంఘపెద్దలు పిలిచి చెప్పారు. ఆ పెద్దలలో జీవరాజు కూడా ఉన్నాడు. జెఫ్రీ ఎదురు చెప్పలేదు. కీబోర్డుకు గుడ్డ కప్పి ఇంటికి వచ్చేశాడు. ఆ తర్వాత గుడికి రావడమే మానేశాడు. నమ్మకం ఎప్పుడు పోయిందో తల్లికి కూడా చెప్పలేదు. అలాంటి వాణ్ణి, సినిమా పాపమన్న సంఘమే ఇప్పుడు సినిమాగా తీసింది. వాడు బతికుండగా వినడానికి ఇష్టపడని వాళ్ళందరూ వాడి నోట లేని మాటలు పెట్టి విని ఏడ్చారు. పాపం ఎక్కడుందో దేవకృపకు అర్థం కాలేదు.

ఇంటికి వచ్చి అన్నం వడ్డిస్తూ అడిగింది. "నాకెందుకు చెప్పలేదండీ?"

"చెబితే ఒప్పుకోవని" అన్నాడు జీవరాజు పళ్ళెంలోకి చూస్తూ.

"వాడు అలా అనలేదు కదా."

"మాట అనలేదు. తల ఊపాడు. నేను చూశాను."

ఆ గదిలో ఆమె కూడా ఉంది. జూలై నెల, మధ్యాహ్నం. జీవరాజు మంచం పక్కన మోకాళ్ళూని కొడుకు చెయ్యి పట్టుకుని బతిమాలాడు. "ఒక్క మాట రా నాన్నా, నమ్ముతున్నానని ఒక్క మాట." జెఫ్రీ చాలాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "మీకోసం అనేయగలను నాన్నా. కానీ అబద్ధమవుతుంది. అబద్ధం చెప్పి వెళ్ళమంటారా? ఊరికే కూర్చోండి నా దగ్గర, చాలు" అన్నాడు. జీవరాజు తన చెయ్యి లాక్కున్నాడు. లేచి, ఒక్క మాటా లేకుండా వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున ఆయన తిరిగి వచ్చేసరికి ముఖం మీద దుప్పటి కప్పేశారు.

ఆ సంగతి భార్యాభర్తలిద్దరూ ఏడాదిగా నోటికి తెచ్చుకోలేదు. భూస్థాపన రోజున, ఆఖరికి నమ్మాడా అని పాస్టర్ అడిగితే "తల ఊపాడు" అని జీవరాజు అన్నాడని ఆమెకు ఇప్పుడే తెలిసింది.

కూతురు షెకీనా తల్లి మీదే విసుక్కుంది. "మమ్మీ, యూట్యూబులో పెట్టిన వారంలోనే రెండు లక్షల మంది చూశారు. ఎంతమంది కామెంట్లు పెట్టారో చదువు. వాళ్ళ పిల్లలకోసం ప్రార్థన చేయమంటున్నారు. ఇందులో తప్పేముంది?" అని గొంతు తగ్గించింది. "నాకు మాత్రం... అన్నయ్య అలా వెళ్ళాడనుకుంటే కాస్త నిద్ర పడుతోంది మమ్మీ."

జీవితంలో సినిమా హాలు గడప తొక్కని జీవరాజు, రోజూ పొద్దున బైబిలు చదవడం అయిపోగానే ఫోనులో ఆ ఎనిమిది నిమిషాల సినిమా పెట్టుకుంటున్నాడు. పరాయి కుర్రాడు "నాన్నా" అనే చోట ఆపుతాడు. మళ్ళీ వెనక్కి తిప్పుతాడు. వంటింట్లో ఆమె చెవులు మూసుకోలేక, కుళాయి తిప్పి వదిలేసేది.

గురువారం సాయంత్రం ఆమె బడి నుంచి వచ్చేసరికి, వీధి చివర జాకెట్లు కుట్టే విజయమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. హిందువుల ఇంటి మనిషి. వీళ్ళ చర్చికి ఎన్నడూ వచ్చింది కాదు. కొడుకు దయాకర్ తాగి తాగి కాలేయం పాడైపోయి పెద్దాసుపత్రిలో ఉన్నాడని దేవకృప విన్నది.

"టీచరమ్మా, మీ బాబు సిన్మా చూసిన. మా ఆడిబిడ్డ ఫోన్ల పంపింది" అంది విజయమ్మ చెంగుతో ముక్కు తుడుచుకుని. "మావోడు రెండేండ్ల సంది నాతోని మాట్లాడుతలేడు. డాక్టర్లు ఇగ ఆశ లేదన్నరు. ఒక్కటి చెప్పమ్మా... ఆఖర్ల మీ బాబుకు ఏం చెప్పిన్రు? ఏం మాట అంటే గట్ల మారిండు? రేపు మీ పాస్టరు సారును సుత తీస్కపోత. వాడు తప్పైందమ్మా అనేదాక నేను ఆడికెళ్ళి లెవ్వ."

మోకాళ్ళూని బతిమాలే మనిషి, ఊపిరాడని పిల్లాడు, లాక్కున్న చెయ్యి... అన్నీ మళ్ళీ దేవకృప కళ్ళ ముందు నిలిచాయి. రేపు ఆ మంచం దగ్గర కూడా అదే జరుగుతుంది. తన కొడుకు పేరు చెప్పుకునే జరుగుతుంది. ఇంట్లో భర్త ఉన్నాడు, పక్క గదిలోనే. అయినా చెప్పింది.

"విజయమ్మా, మా జెఫ్రీ మారలేదు. క్షమించమనీ అనలేదు. వాడి దగ్గర కూర్చోమన్నాడు, అంతే. నువ్వు కూడా ఏమీ అడగకు. వెళ్ళి కూర్చో."

"అయితే గదంతా ఉత్త సిన్మానే?" అంది విజయమ్మ. కోపంగా అనలేదు. మూడు రోజులుగా చేతిలో పట్టుకు తిరుగుతున్నదేదో ఎక్కడ దించాలో తెలియని మనిషిలా లేచి, చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయింది.

మర్నాడు పాస్టర్ జెరెమియా వచ్చాడు. రమ్మని పిలిచిన విజయమ్మే వద్దని కబురు పంపిందట, ఎందుకో కూడా చెప్పిందట. చిన్నవయసువాడు, కపటం తెలియనివాడు. ముఖం పాలిపోయి ఉంది. కుర్చీలో కూర్చోకుండానే అడిగాడు. "జీవరాజు గారూ, నేను మీ మాట నమ్మి తీయించాను. ఎల్లుండి ఏ.ఎస్. రావు నగర్ హాల్లో వేయడానికి అంతా సిద్ధం చేశాం. అక్క సాక్ష్యం కూడా అనుకున్నాం. దేవుని ఎదుట చెప్పండి. బాబు తల ఊపాడా?"

జీవరాజు భార్య వైపు చూశాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన ఆమెను ఏదీ అంతగా అడిగింది లేదు. ఒక్క మాట చాలు. ఊపాడు అంటే చాలు. ఇల్లు నిలబడుతుంది, కూతురికి నిద్ర పడుతుంది, ఈ మనిషి రేపు పొద్దున మళ్ళీ బైబిలు తెరుస్తాడు. అనేద్దామనుకుంది. పెదవులు విడివడ్డాయి కూడా. కానీ మీకోసం అనేయగలను అని తెలిసి కూడా అనకుండా వెళ్ళిన కొడుకు గుర్తొచ్చాడు. వాడు చావు ముందు కాపాడుకున్న ఆ ఒక్క నిజాన్ని కన్నతల్లి ఎలా అమ్ముకుంటుంది?

"లేదు" అంది ఆమె తల వంచుకుని.

"అక్కా, నన్ను క్షమించండి" అన్నాడు జెరెమియా. తలుపు దాకా వెళ్ళి, ప్రార్థన చేయాలా వద్దా అన్నట్టు ఆగి, చేయకుండానే వెళ్ళాడు.

అప్పుడు జీవరాజు మాట్లాడాడు. అరవలేదు. "నువ్వు నిజమే చెప్పావు కృపా. కానీ అది నిజమైతే... ఇప్పుడు నా కొడుకు ఎక్కడున్నట్టు?"

ఏడాదిగా దేవకృప ప్రతిరోజూ దేవుణ్ణి అడుగుతున్నది కూడా అదే.

సినిమాను యూట్యూబు నుంచి తీసేశారు. ఎందుకు తీసేశారో గుడిలో ఎవరూ పైకి అడగలేదు గానీ, ఆడవాళ్ళు కౌగిలించుకోవడం మానేశారు. షెకీనా ఆఫీసు దగ్గరని చెప్పి హాస్టల్లో చేరింది. వెళ్తూ, "నీకు నిజం కావాలి మమ్మీ. మాకు అన్నయ్య కావాలి" అంది. మూడు వారాలకు దయాకర్ పోయాడు. పలకరించడానికి వెళ్ళిన దేవకృపను చూసి విజయమ్మ కుట్టుమిషను మీద నుంచి చెయ్యి తీయకుండానే చెప్పింది. "ముఖం గోడ దిక్కే తిప్పుకున్నడమ్మా, ఆఖరి దాంక. మీరు చెప్పినట్లు ఏం అడగలే. కూసున్న అంతే." అందువల్ల ఏమైనా మేలు జరిగిందా అని అడిగే ధైర్యం దేవకృపకు లేకపోయింది.

జీవరాజు గుడికి వెళ్ళడం మానలేదు. కానీ మొదటి బెంచీ వదిలి వెనక గోడ పక్కన కూర్చుంటున్నాడు. ఇంట్లో మాట్లాడటమే తగ్గిపోయింది. ఒక ఆదివారం మధ్యాహ్నం, ఆమె చిక్కుడుకాయలు గిల్లుతుంటే, వచ్చి ఎదురుగా పీట మీద కూర్చున్నాడు.

"ఆ రోజు నేను చెయ్యి లాగేసుకుని వెళ్ళిపోయాక... వాడేమన్నా అన్నాడా?"

ఈ ప్రశ్న ఎప్పటికైనా వస్తుందని ఆమె భయపడుతూనే ఉంది. "అన్నాడండీ. నాన్న గొడుగు తీసుకెళ్ళారా మమ్మీ, బయట వాన పడుతోంది అన్నాడు."

"అంతేనా?"

"అంతే. తర్వాత నిద్రపోయాడు."

ఆయన చేతులు ఒళ్ళో అలాగే ఉండిపోయాయి. "ఆ రోజు వాన పడిందా?" అన్నాడు. "నాకు గుర్తే లేదు కృపా."

"పడింది. తడిసిపోయి ఇంటికి వచ్చారట. షెకీనా మీకు తువ్వాలు ఇచ్చిందట."

చాలాసేపటి వరకూ ఆయన ఏడుపు బయటికి రాలేదు. వచ్చాక మాత్రం ఆగలేదు. ఆమె పళ్ళెం పక్కకు పెట్టి ఆయన దగ్గరగా జరిగింది.

"మంచివాడు కృపా" అన్నాడు చివరికి. "మన జెఫ్రీ చాలా మంచివాడు."

"అవునండీ."

"మంచితనం ఒక్కటే సరిపోదని ముప్పై ఏళ్ళుగా చెప్పాను నేను. రైల్వే స్టేషన్లో, ఆసుపత్రుల్లో, ఇల్లిల్లూ తిరిగి కరపత్రాలు పంచి మరీ చెప్పాను."

ఆయన చెప్పినప్పుడల్లా పక్కన నిలబడి కరపత్రాల సంచీ మోసింది దేవకృపే.