రెండు వందల గ్రేలు

"నూటికి ఒకటి. అంకె మార్చొద్దు, పేరు మారిస్తే చాలు. పదకొండు గంటలకు."

విదేశీ ముఠా పంపిన ఈ రహస్య సందేశం చేత చిక్కి మూడు రోజులైంది. అప్పట్నుంచీ డిపార్ట్‌మెంట్ తల బద్దలు కొట్టుకుంటోంది.

"నూటికి ఒకటంటే మ్యాప్ స్కేలు," అన్నాడు చీఫ్, బ్రీఫింగ్ రూమ్ గోడ మీది పటాన్ని కర్రతో తడుతూ. "పేరు మార్చడమంటే దొంగ పాస్‌పోర్టు. టార్గెట్ వంతెన. నలభై మందిని పెట్టాం."

"ఆ వంతెన మీద మూడు రోజులుగా చీమ కూడా పాకలేదు సార్. మనవాళ్లు గోళ్లు గిల్లుకుంటున్నారు."

అలా అన్నవాణ్ని డిపార్ట్‌మెంట్‌లో అందరూ మిరపకాయ్ అంటారు. మామూలుగానే అతడికి ముక్కు మీద కోపం. ఈ కేసులో అది నెత్తికెక్కింది. ముఠా నాయకుడి గొంతు గుర్తుపట్టగల ఒకే ఒక్క సాక్షి అతడి సొంత అక్క. రిటైరైన కోడ్ నిపుణురాలు. రేపు కోర్టులో ఆమె సాక్ష్యం, ఇవాళ ఆస్పత్రిలో క్యాన్సర్‌కు రేడియేషన్. ఇవాళ్టికి మానుకోమంటే, "జబ్బు మానుకుంటుందా?" అని ఎదురడిగింది.

బయటికొచ్చి అక్కకు ఫోన్ చేశాడు. పదీ నలభై.

"కంగారు పడకురా. పదకొండుకి నా వంతు," అందామె. "ఇక్కడ నాకు మంచి కాలక్షేపం. కుర్ర డాక్టరు డోసు రెండంటాడు, ముసలి టెక్నీషియన్ రెండు వందలంటాడు. రెండూ ఒకటేనట! డాక్టరు గ్రేలనే కొత్త కొలతలో చెప్తాడు, మిషను రాడ్లనే పాత కొలతలో నడుస్తుంది. గ్రేకి వంద రాడ్లు."

"కార్డు మీద ఆ టెక్నీషియన్ ఏం రాస్తాడక్కా?"

"రెండు వందలు అని. అంతే. ముప్పై ఏళ్లుగా ఉత్త అంకే రాస్తాడట. రాడ్లని ఎవరికి తెలీదూ అంటాడు. సరే, ఫోన్ లాకర్లో పెట్టమంటున్నారు."

లైన్ కట్ అయింది. మిరపకాయ్‌కి ముఠా సందేశం గుర్తొచ్చింది. నూటికి ఒకటి! అంకెను ఎవరూ ముట్టుకోరు. మిషను సెట్టింగులో రాడ్ అన్న పేరు తీసేసి గ్రే అని పెడతారు. అదే రెండు వందలు అక్క ఒంట్లోకి వంద రెట్లయి దిగుతుంది. పాత మిషను పాడైందని ఫైలు మూసేస్తారు.

ఆస్పత్రి నంబరు ఎంగేజ్. మళ్లీ ఎంగేజ్. ఫోన్ సీటు మీదికి విసిరికొట్టి కారు దూకించాడు.

పదకొండుకు రెండు నిమిషాలుండగా మిరపకాయ్ సర్వీస్ ఇంజనీర్ వేషంలో, నీలం చొక్కా తగిలించుకుని, కంట్రోల్ రూమ్ తలుపు తోశాడు. కన్సోల్ ముందు టెక్నీషియన్. అతడి పక్కన తెల్లకోటు, ఖరీదైన సెంటు వాసన. సీతాకోక! అక్కకు కాపలాగా, రేడియేషన్ లెక్కలు చూసే ఫిజిసిస్టు వేషంలో డిపార్ట్‌మెంట్ పెట్టిన ఏజెంట్. ఆ చదువు చదివింది కనకే ఆమెను ఎంచుకున్నారు.

"లోపల వాన పడుతోందా?" కోడ్ అడిగాడు.

"గొడుగుంది," అంది నవ్వుతూ. అంతా క్షేమమని అర్థం.

మిరపకాయ్ చూపు స్క్రీన్ మూలకు పోయింది. 200. పక్కన చిన్న అక్షరాల్లో, గ్రే. ముసలాయన ఆ మూలకు చూసి ఎన్నేళ్లయిందో. కానీ ఈవిడ చూడకుండా ఉంటుందా? ఒళ్లు మండిపోయింది. ఆమె నవ్వును నమ్మి మూడు నెలలుగా ఆమె రిపోర్టుల మీద కళ్లు మూసుకుని సంతకాలు పెట్టింది తనే.

"ఆపవయ్యా!" అని అరిచాడు. అప్పటికే టెక్నీషియన్ వేలు స్టార్ట్ బటన్ నొక్కేసింది. పది సెకన్ల కౌంట్‌డౌన్ మొదలైంది.

మిషను ఆపడానికి గోడ మీదున్న ఎర్ర బటన్ గుద్దాడు. చలనం లేదు.

"వైరు తీసేశాను," అంది సీతాకోక. చేతిలో పిస్టల్. "ఎందుకంత కోపం? చిన్న యూనిట్ మార్పు."

ఆరు. ఆఫీసువాళ్లు ఇచ్చిన పొగ చిమ్మే పెన్ను తీసి నొక్కాడు. సిరా కారింది. ఆ పెన్ను చేసినవాణ్ని బండబూతులు తిట్టి, పక్కనున్న స్టూలు ఎత్తి ఆమె చేతి మీదికి విసిరాడు. తూటా సీలింగ్‌లోకి పోయింది. రెండు. కన్సోల్ తాళంచెవిని మెలితిప్పి ఊడబెరికాడు. ఒకటి దగ్గర స్క్రీన్ నల్లబడింది.

సీతాకోకకు బేడీలు వేసి టెక్నీషియన్ వైపు తిరిగాడు.

"ముప్పై ఏళ్లు! అంకె పక్కన ఒక్క మాట రాయడానికి చేతులు పడిపోయాయా?"

"అందరికీ తెలుసు కదా బాబూ అని..."

"వాళ్లకీ తెలుసు! అందుకే మా అక్కని చంపబోయారు!"

ముసలాయన కార్డు తీసి రెండు వందల పక్కన రాడ్లు అని రాశాడు. అయినా మిరపకాయ్ కోపం చల్లారలేదు.

డాక్టరు పరిగెత్తుకొచ్చాడు. సెట్టింగు సరిచేసి, మీటరు పెట్టి రెండుసార్లు కొలిచేసరికి గంట పట్టింది. ఆ గంటా మిరపకాయ్ అక్క బల్ల పక్కనే పిస్టల్ పట్టుకుని నిలబడ్డాడు. మిషను వైపే గురిపెట్టి.

చివరికి అక్కే విసుక్కుంది. "కాపాడింది చాలుగానీ బయటికి నడువు. నువ్వు కదిలితే గానీ నా వైద్యం మొదలవదు."