పసుపు నీళ్ల గోలెం

మూడోసారి కూడా ఆలిచిప్పల పిల్లలు చచ్చిపోయాయి. ఉప్పుటేటిలోంచి ఎర్రన్న ఎత్తుకొచ్చిన నాలుగు బుట్టల్లోనూ గోరంతేసి చిప్పలు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. పెంచి పెద్దవి చేస్తారని చేపల శాఖ ఆఫీసరు నమ్మి ఇచ్చినవి!

"దీని సెయ్యి తగిల్తే పసిదేదీ బతకదురా," అంది మరిడమ్మ, కోడలు నీలవేణిని చూపిస్తూ. "ఇంట్లో ఇద్దరు గుంటలు పోనారు. ఇప్పుడు ఏట్లో ఇయ్యి. రేపు బస్సెక్కించి కన్నోరింటికి అంపీ."

ఎర్రన్న తల్లి మాటకు తలూపాడు. నీలవేణికి అదే ఎక్కువ నొప్పి పెట్టింది. పురిట్లోనే పోయిన ఇద్దరు బిడ్డల్నీ తను మాత్రం మరిచిందా? ఈ చిప్పలనైనా బతికించుకుంటే ఈ ఇంట్లో చోటు మిగులుతుందని ఎంత ఆశపడిందో ఆమెకే తెలుసు. రాత్రే రేకుపెట్టె సర్దేసుకుంది.

తెల్లారి చివరిసారిగా ఏట్లోకి దిగింది. దూరపు గుంజకు ఎర్రన్న వదిలేసిన ఐదో బుట్ట ఒకటి కట్టి ఉంది. అక్కడ రొమ్ముల్లోతు నీళ్లు. మోకాళ్ల నొప్పులతో మరిడమ్మ అంతదూరం పోలేదు. బుట్ట విప్పి చూస్తే అందులో పిల్లలన్నీ బతికే ఉన్నాయి! నీలవేణి దాన్ని గుండెకు హత్తుకుని ఇంటికి పరుగెత్తింది.

పెరట్లో మరిడమ్మ ముఖం విప్పారింది. "బతికినాయా? ఒళ్లంతా బురదే, పాపం. ఇటు తే, తానం పోస్తాను."

పక్కన గోలెం నిండా నూతి నీళ్లు. వాటిలో పసుపు కలిపి ఉంది.

"రోజూ పోసీదానివా అత్తా?"

"నువ్వు సేపలమ్మబోతే ఎవులు సూస్తారే? ఆటు నుంచి పోటొచ్చీదాకా బుట్టలు తెచ్చి ఇందులోనే ఉంచీదాన్ని. పసిగుంటలకి పసుపునీల్లు మంచిది కాదేటి?"

నీలవేణి బుట్ట వెనక్కి లాక్కుంది. వానలకి ఏట్లో ఉప్పు తగ్గి నీళ్లు తియ్యనైతే పసివి బతకవని ఆఫీసరు చెప్పిన మాట ఇప్పుడు గుర్తొచ్చింది.

"ఇయ్యి ఉప్పునీల్ల గుంటలత్తా," అంది మెల్లగా. "పెద్దవైతే మంచినీల్లు తగిలినా సిప్ప మూసుకుని ఓర్సుకుంటాయి. ఇయ్యి ఓర్సుకోలేవు."

మరిడమ్మ చాచిన చేతులు వెనక్కి తీసుకుంది. మనవలకు పోయలేకపోయిన స్నానం ఆ చేతులు వీటికి పోశాయి. అది అర్థమయ్యాక నీలవేణికి కోపం నిలవలేదు.

"బస్సు ఏలయింది," అంటూ ఎర్రన్న వచ్చాడు.

నీలవేణి గోలెం సంగతి బయటపెట్టలేదు. బుట్ట అతని చేతికిచ్చి, "ఇయ్యి ఉప్పునీల్లలోనే ఉంచు మావా," అని పెట్టె అందుకుంది. గుమ్మం దాటేలోగా మరిడమ్మ వచ్చి పెట్టె లాగేసుకుంది.

"వాటిని సంపింది నానురా, ఇది కాదు. నా పసుపునీల్లే." ఆమె నీలవేణి వైపు తిరిగింది. "ఆ ఇద్దరు గుంటల్నీ కూడా నీ మీదే ఏసీసినాను గదే, తల్లీ..."

నీలవేణి ఏడ్చింది. రెండు పురుళ్లప్పుడూ ఎవరూ ఏడవనివ్వని ఏడుపు అది. అత్త కూడా ఆమె భుజం పట్టుకుని ఏడ్చింది.

తర్వాత పెట్టె లోపల పెట్టి, మరిడమ్మ గోలెం వొంచి నీళ్లన్నీ కాలవలోకి పారబోసింది.